ఐబీరియోటాక్సిన్

ఐబీరియోటాక్సిన్ అనేది ఎర్ర తేలు విషంలో ఉండే ఒక పెప్టైడు, అనగా చిన్న ప్రోటీను. ఈ తేలు తెలంగాణతో సహా భారతదేశంలోని పలు ప్రాంతాలలో కనిపిస్తుంది. ఈ పెప్టైడును గురించిన తొలి వివరాలు 1990లో వెలువడ్డాయి. ఇందులో 37 అమైనో ఆమ్లాలు, మూడు డైసల్ఫైడ్ బంధాలు ఉన్నాయి. దీనిని కృత్రిమంగా కూడా తయారుచేస్తారు.

పనిచేసే విధానం

కణత్వచంలోని బీకే మార్గాలు కణంలో కాల్షియం పెరిగినపుడు తెరుచుకొని, పొటాషియం అయాన్లను వెలుపలికి పంపుతాయి. ఐబీరియోటాక్సిన్ ఈ మార్గపు వెలుపలి ముఖాన్ని మూసివేస్తుంది.

ఉపయోగం

రక్తనాళాల కండరాలు సడలడంలో బీకే మార్గాల పాత్రను తెలుసుకొనుటకు పరిశోధకులు దీనిని వాడతారు. ఇది ఔషధం కాదు.

తేలు కుట్టినపుడు

ఎర్ర తేలు కుట్టినపుడు కలిగే ప్రాణాపాయానికి ప్రధాన కారణం ఐబీరియోటాక్సిన్ కాదు. అదే విషంలో ఉండి, సోడియం మార్గాలపై పనిచేసే ఇతర పెప్టైడులు. అందుచేత తేలు కుట్టినవారికి వెంటనే ఆసుపత్రిలో చికిత్స అవసరం.