గృహ నెట్‌వర్క్ నిల్వ పరికరం

ఇంట్లోని కంప్యూటర్లు, ఫోన్లు, టీవీలు ఫైళ్లను ఒకేచోట దాచి పంచుకునేందుకు రౌటర్‌కు కలిపే హార్డ్ డిస్కుల పెట్టె. వాడుకలో నాస్ అంటారు.

అందుబాటు: విండోస్ యంత్రాలు ఎస్‌ఎంబీ పద్ధతిలోను, యునిక్స్, లినక్స్ యంత్రాలు ఎక్కువగా సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో రూపొందించిన ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలోను దీన్ని చేరతాయి. బయటి ఊరినుంచి ఫైళ్లు తెరవడానికి వీపీఎన్ సురక్షితమైన మార్గం. రౌటర్‌లో పోర్టు నేరుగా తెరిస్తే దాడులకు దారి ఇచ్చినట్టే. ఒకే పబ్లిక్ ఐపీని పలువురు చందాదారులకు పంచే కనెక్షన్లలో పోర్టు తెరిచినా సాధారణంగా ఫలితం ఉండదు.

విస్తరణ: పలు డిస్కులను ఒక్కటిగా వాడే రెయిడ్ విధానాన్ని 1988లో బర్క్‌లీ పరిశోధకులు ప్రతిపాదించారు. రెయిడ్ 5లో 4 టీబీ డిస్కులు మూడు అమరిస్తే 8 టీబీ చోటు దక్కుతుంది; ఒకటి పాడైనా సమాచారం నిలుస్తుంది. చోటు చాలనప్పుడు ఖాళీ అరలో కొత్త డిస్కు చేర్చవచ్చు. లేదా పాతవాటిని ఒక్కొక్కటిగా తీసి పెద్దవి అమర్చవచ్చు. ఒక డిస్కు పునర్నిర్మాణం పూర్తయ్యాకే రెండోదాన్ని తీయాలి.

నెల్లూరు తీరంలో: ఉప్పుగాలి, తేమ లోహపు కనెక్టర్లను తుప్పు పట్టిస్తాయి. తుపానుల్లో కరెంటు పోతుంది కనుక యూపీఎస్ అవసరం. 2021 నవంబరులో పెన్నా వరద ఇళ్లను ముంచెత్తింది. పరికరాన్ని ఎత్తులో ఉంచడం మేలు. రెయిడ్ బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు. ముఖ్యమైన ఫైళ్ల ప్రతి ఒకటి వేరే ఊళ్లో తప్పక ఉండాలి.