పత్తర్‌గట్టి వరండా

నయాపూల్ దాటి మదీనా చౌరస్తాలో దక్షిణానికి తిరిగి నిలబడితే ఎదురుగా మచ్లీ కమాన్, దాని వెనక చార్మినార్ మీనార్లు కనిపిస్తాయి. కిలోమీటరు లోపు దూరం. ఈ రోడ్డును నడిచేవాళ్లకు అప్పజెప్పాలని సర్కారు ఎన్నో ఏళ్లుగా తంటాలు పడుతోంది. చార్మినార్ చుట్టూ బండ్లు ఆపారు. గ్రానైట్ రాయి పరిచారు. బండ్లు జొరబడకుండా పొట్టి స్తంభాలు పాతారు. శాలిబండలో పుట్టి, పాతబస్తీ బళ్లలోనే సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని నేను. ఆ పని మొదలైనప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇప్పటికీ ఆ పని మంచిదనే అంటాను. అయితే ఇదే రోడ్డు మీద నడిచేవాళ్ల కోసం ఇంతకు ముందే ఒక ఏర్పాటు జరిగింది. నిజాం కాలంలో, నల్లరాతితో, ఎండా వానా తగలకుండా కట్టారు. అది ఇప్పటికీ నిలబడే ఉంది. దాని సంగతి ఎవరికీ పట్టడం లేదు. నా బాధంతా అదే.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్‌తో ఈ పట్నానికి పునాది వేశాడు. నక్షా వెనక ఉన్న పెద్ద బుర్ర ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీది. నాలుగు దిక్కులకు నాలుగు బాటలు, అవి కలిసేచోట ఒక్కో పక్క ఇరవై మీటర్లుండే చార్మినార్. దాని నాలుగు కమాన్లూ ఒక్కోటి పదకొండు మీటర్ల వెడల్పు. ఆ తర్వాతి ఏడు ఉత్తరాన కాస్త దూరంలో మరో నాలుగు కమాన్లు లేచాయి. ఉత్తరానిది మచ్లీ కమాన్, తూర్పుది కాలీ కమాన్, దక్షిణానిది చార్మినార్ కమాన్. పడమటిది సహర్-ఏ-బాతిల్ కమాన్, రాజమహళ్లకు వాకిలి అదే. కాలీ కమాన్ అప్పట్లో నగారాఖానా. నాలుగింటి నడుమ మైదానంలో నీళ్ల హౌజ్ కట్టారు. ఇప్పుడు మనం గుల్జార్ హౌజ్ అంటున్నది దాన్నే.

పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను రాజుల పేర్ల దగ్గర ఎక్కువసేపు ఆగేదాన్ని కాదు. హౌజ్ దగ్గర ఆగేదాన్ని. అంత వెడల్పాటి మైదానం నడుమ ఎవరైనా నీళ్లు ఎందుకు పెడతారు? ఎండన పడి వచ్చినవాడు నిలబడాలని, కాళ్లూ చేతులూ కడుక్కోవాలని, పక్కవాడితో నాలుగు మాటలు మాట్లాడాలని. పట్నం పుట్టినప్పుడు ఈ బాట మీద ఏనుగులూ గుర్రాలూ పల్లకీలూ తిరిగాయి, నిజమే. ఎక్కువమంది మాత్రం కాలినడకనే తిరిగారు. నీళ్లు వాళ్ల కోసమే.

1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకున్నాక మహళ్లు పోయాయి. కమాన్లు మిగిలాయి. నిజాం అలీ ఖాన్ 1763లో రాజధానిని మళ్లీ ఇక్కడికి తెచ్చాక పట్నం తిరిగి నిండింది, మైదానంలోకి దుకాణాలు జరిగాయి. 1889లో చార్మినార్ నాలుగు ముఖాలకూ గడియారాలు పెట్టారు. ఈ రెండు వందల ఏళ్లనూ నేను ఇంతటితో దాటేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది 1908లో మొదలవుతుంది.

ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగి పట్నాన్ని ముంచేసింది. వేలమంది పోయారు. వంతెనలు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య రావడం, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టడం మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. పిల్లలు పరీక్షల్లో తప్పకుండా రాస్తారు. దాని పక్కనే జరిగిన ఇంకో పెద్ద పని పాఠంలో ఒక వాక్యానికి మించి కనపడదు. 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టారు, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన మరుసటి ఏడే. తర్వాతి రోజుల్లో ఆయన రెండో కొడుకు మొజ్జం జా దానికి సదర్‌గా ఉన్నాడు. ఇరుకు మొహల్లాలు తీసేసి గాలి వెలుతురున్న ఇళ్లు కట్టడం, మోరీలు వేయడం, రోడ్లు వెడల్పు చేయడం దాని పని. మొదట చెప్పిన రోడ్డు మీది పత్తర్‌గట్టి ఆ బోర్డు చేతి కట్టడమే.

రోడ్డు వెడల్పు చేయడమంటే మనకిప్పుడు తెలిసిన తీరు ఒకటే. ఎర్ర గీత గీస్తారు, ముందు గదులు కొట్టేస్తారు, సగం తెగిన ఇళ్లు గోడలు చీల్చుకుని రోడ్డుకు అడ్డంగా ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. బోర్డు అలా వదిలేయలేదు. రోడ్డు వెడల్పు చేసి, దానికి రెండు పక్కలా తానే ఒకే తీరు రాతి కట్టడం లేపింది. కింద దుకాణాలు, పైన నివాసాలు. దుకాణాల ముందు వరసగా రాతి స్తంభాలు, వాటి మీద కమాన్లు, ఆ కమాన్ల వెనక వరండా. బండ్లకు రోడ్డు, మనుషులకు వరండా. బేరం చేయడానికి వచ్చినవాళ్లు ఒక దుకాణం గడప నుంచి ఇంకో దుకాణం గడపకు నీడలోనే పోవచ్చు. హైదరాబాద్ ఎండలు తెలిసినవాళ్లు వేసిన నక్షా అది. దానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

మా నాయిన అక్కడే ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. శాలిబండ నుంచి పొద్దున్నే నడిచి పోయేవాడు, రాత్రి నడిచే వచ్చేవాడు. బడి లేని రోజు మధ్యాహ్నం గిన్నె పట్టుకుని నేను పోయేదాన్ని. ఎండాకాలం మక్కా మసీదు దాటేసరికే చెప్పుల్లో కాళ్లు కాలేవి. మచ్లీ కమాన్ దాటి వరండా ఎక్కగానే ఒళ్లు చల్లబడేది. రాయి నునుపుగా ఉండేది కాదు, ఉలి దెబ్బలు తెలిసేవి. స్తంభాలకు మాత్రం మనిషి భుజం ఎత్తున ఒక జాగా నున్నగా తేలి ఉండేది. అన్నేళ్లుగా జనం ఆనుకుని ఆనుకుని అట్లా అయింది. ఆ నునుపు మీద చెయ్యి పెట్టి నడవడం నాకు ఆట. ఒక స్తంభం మొదట్లో అత్తరు పెట్టె ముందు పెట్టుకుని ముసలాయన కూర్చునేవాడు. ఇంకో దాని దగ్గర ఉర్దూలో అర్జీలు రాసిపెట్టే మున్షీ. వాళ్లు స్తంభానికీ స్తంభానికీ మధ్య సర్దుకునేవారు. లోపలి వైపు ఇద్దరు మనుషులు పక్కపక్కన పోయేంత దారి వదిలే ఉండేది. పెళ్లి బట్టలు కొనడానికి వచ్చిన పల్లెటూరి కుటుంబాలు ఆ అరుగు మీదే మూటలు దించి సద్ది విప్పేవి. లేవమని గద్దించిన సేఠ్‌ను నేను చూడలేదు. మా నాయిన అయితే లోపలి నుంచి చెంబుతో నీళ్లు పంపేవాడు.

తర్వాత ఏమైందో ఎవరినీ పేరు పెట్టి అనను. ఒక దుకాణం బొమ్మకు చీర కట్టి బయట నిలబెట్టింది. పక్క దుకాణం గాజు అలమారా జరిపింది. ఇంకొకరు జనరేటర్ దించారు. కమాన్ల మీద పేర్ల బోర్డులు పడ్డాయి, రాయి కనపడకుండా పోయింది. కొన్నిచోట్ల వరండా దుకాణంలో కలిసిపోయి షట్టరు సరిగ్గా స్తంభాల వరస దాకా వచ్చింది. అరుగు మీద నడిచేవాడు రోడ్డు మీదికి దిగాడు. రోడ్డు మీద అప్పటికే ఆటోలు, స్కూటర్లు, బస్సులు. మీర్ మోమిన్ నాలుగు బాటలు కలిపిన జాగా ట్రాఫిక్ సర్కిల్ అయింది. చార్మినార్ చుట్టూ బండ్లు గిరగిరా తిరిగేవి. నా పిల్లలను చార్మినార్ చూపించడానికి తీసుకెళ్లినప్పుడల్లా ఒకరి చేయి ఒకరు పట్టుకోమని గొంతు పోయేలా అరవాల్సి వచ్చేది. నాలుగు వందల ఏళ్ల గచ్చు మీద పొగ, కింద బండ్ల అదురు. గుల్జార్ హౌజ్ దగ్గర ఆగి నీళ్లు చూద్దామంటే హారన్ మోగేది.

ఇంత గందరగోళంలోనూ ఏడాదిలో కొన్ని రోజులు ఈ రోడ్డు మళ్లీ నడిచేవాళ్లదే అవుతుంది. మొహర్రం పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా అలం ఏనుగు మీద బయల్దేరి చార్మినార్, గుల్జార్ హౌజ్ మీదుగా పోతుంది. ఆషాఢంలో మా అక్కన్న మాదన్న గుడి నుంచి అమ్మవారి ఘటం ఏనుగు మీదే చార్మినార్ ముందు నుంచి మదీనా మీదుగా నయాపూల్ చేరుతుంది. నెహ్రూ జూపార్కు ఏనుగు రజని కొన్నేళ్లపాటు రెండింటికీ నడిచింది. మొహర్రానికి మోసిన ఏనుగే బోనాలకూ మోసిందని మా బస్తీలో ఎంత మురిపెంగా చెప్పుకునేవాళ్లమో. రంజాన్ రాత్రుల సంగతి అయితే అడగక్కర్లేదు. తెల్లవారుజాము దాకా ఆడవాళ్లు, పిల్లలు, చంకలో పసివాళ్లతో సహా రోడ్డు నడుమనే నడుస్తారు. నడవడానికి జాగా ఇస్తే ఈ ఊరు ఎంత హాయిగా నడుస్తుందో అధికారులు కొత్తగా ఎక్కడికీ పోయి చూసి రానక్కర్లేదు.

చార్మినార్ పాదచారుల ప్రాజెక్టు ఆలోచన ఇలాంటి రోజుల్ని ఏడాది పొడవునా చేద్దామనే. బండ్లు చార్మినార్ దాకా రాకుండా చుట్టూ లోపలి వలయ రోడ్డు, దాని బయట ఇంకో వలయ రోడ్డు వేయాలి. వాటికి గల్లీలు వెడల్పు కావాలి. గల్లీ వెడల్పు కావాలంటే ఇళ్లు పోవాలి. అక్కడే ఏళ్లకేళ్లు నలిగింది. 2017లో స్వచ్ఛ భారత్ కింద రెండో విడతగా ఎంచుకున్న పది స్వచ్ఛ ఐకానిక్ స్థలాల్లో చార్మినార్ కూడా చేరింది. ఆ తర్వాత పని కదిలింది, గ్రానైట్ పరుపు వచ్చింది, బండ్లు ఆగాయి. 2019 మేలో ఒక మీనారు నుంచి గచ్చు అలంకారం పెచ్చు ఊడి పడినప్పుడు, బండ్లు ఆపడం ఎంత అవసరమో అనుమానమున్నవాళ్లకు కూడా అర్థమై ఉండాలి. 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాలు 'ఏక్ శామ్ చార్మినార్ కే నామ్' అని పెట్టారు. నేనూ మా చెల్లెలూ పోయాం. చార్మినార్ ఎదురుగా రోడ్డు నడుమ నిలబడి తల ఎత్తి పైదాకా తీరిగ్గా చూశాం. అరవై ఏళ్లు దాటాక దక్కింది ఆ భాగ్యం.

అది సాయంత్రం పూట. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ గ్రానైట్ మీద నిలబడి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో రాయి పెనంలా కాలుతుంది. ఒక చెట్టు నీడ ఉండదు. నా వయసు వాళ్లు మోకాళ్లు పట్టేస్తే కూర్చోవడానికి జాగా వెతుక్కోవాలి. లాడ్ బజార్లో గాజుల కోసం వచ్చే జనంలో ఎక్కువమంది ఆడవాళ్లే. అక్కడి లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడుందో అడిగి తెలుసుకోవడమే ఒక పని. నడిచేవాళ్ల రోడ్డంటే బండ్లు లేని రోడ్డని మాత్రమే లెక్కేస్తే ఇలాగే ఉంటుంది. మూడు గంటలు తిరిగే మనిషికి నీడ కావాలి, నీళ్లు కావాలి, కూర్చునే జాగా కావాలి. కుతుబ్ షా నీళ్లు పెట్టాడు. బోర్డు నీడ కట్టింది. మనం రాయి పరిచి ఊరుకున్నాం.

తోపుడు బండ్ల వాళ్లది ఇంకో గోస. చాలా ఏళ్లుగా నాకు జామపండ్లు అమ్మిన అతను మొన్న కనపడితే అడిగాను. "టీచరమ్మా, రాయి మీద బండి ఆపితె ఎల్లగొడుతున్రు. గల్లీలకు పోతె కొనేటోళ్లు రారు. మరి యాడికి పోవాలె?" అన్నాడు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో వాళ్ల మనుషులు కూడా ఉన్న కమిటీతో మాట్లాడి తేల్చమంటుంది ఆ చట్టం. అతని జాగా ఎక్కడో చూపించాకే స్తంభాలు పాతి ఉండాల్సింది. చార్మినార్ దగ్గర ఆగిన బండ్లు కూడా మాయం కాలేదు. ఆగిన ఆటోలు, బైకులు చుట్టుపక్కల మొహల్లాల్లో తిరుగుతున్నాయి. అక్కడి పిల్లలు వాకిట్లో ఆడుకోవడం మానేశారు. వలయ రోడ్లు పూర్తిగా వేయకుండా నడుమ మాత్రం మూస్తే భారమంతా ఆ ఇళ్ల మీదే పడుతుంది.

మదీనా నుంచి గుల్జార్ హౌజ్ దాకా అయితే బండ్లు ఇప్పటికీ పోతూనే ఉన్నాయి. నడిచి చార్మినార్ చేరాలంటే ముందు ఆ ముక్క దాటాలి. అక్కడ కొత్తగా ఏమీ కట్టనక్కర్లేదు. రెండు పక్కలా వరండా ఉంది. మొజ్జం జాహీ మార్కెట్ కూడా ఆ బోర్డు కట్టించిందే, ఇదే రాయి. ప్లాస్టిక్ పట్టాలూ రేకులూ బోర్డులూ కప్పేసి దాని ముఖం కనపడకుండా పోయిన రోజులు మనందరం చూశాం. వాటిని తీసి, రాయి కడిగి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. దుకాణాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, బేరాలు సాగుతున్నాయి. అంత జరిగిన ఊళ్లో పత్తర్‌గట్టి దుకాణదారులను కూర్చోబెట్టి మాట్లాడడం కష్టమంటే నేను నమ్మను. నాకు తెలిసిన సేఠ్‌లలో సగం మందికి తమ తాతల కాలం నాటి వరండా ఫొటోలు గల్లా వెనక గోడకే ఉన్నాయి. షట్టర్లు ఒక్క స్తంభం వరస వెనక్కి జరపాలి. బొమ్మలు, అలమారాలు లోపలికి పోవాలి. స్తంభాల మధ్య జాగా అత్తరు పెట్టెకూ జామపండ్ల గంపకూ ఇవ్వాలి. లోపలి వైపు ఇద్దరు పక్కపక్కన పోయేంత దారి వదలాలి. రాయి పరిచే కాంట్రాక్టు కంటే ముందు ఆ పని చేయమని కార్పొరేషన్‌కు అర్జీ రాశాను. శాలిబండ, మొగల్‌పురా, లాల్ దర్వాజా వాళ్ల సంతకాలు పెట్టించే పనిలో ఉన్నాను.