జామాయిల్‌కు నెంబరెలా వచ్చింది

సికింద్రాబాద్‌లో ఆవిష్కరణ అనగానే అందరికీ దోమ గుర్తొస్తుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ పొట్ట కోసి అందులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ కథ మా ఊళ్ళో బడిపిల్లలకీ తెలుసు. అదే బేగంపేట వైపు సాగే సర్దార్ పటేల్ రోడ్డు మీద ఐటీసీ వారి కాగితం విభాగానికి ప్రధాన కార్యాలయం ఉంది. సిగ్నల్ దగ్గర ఆగిన వాళ్ళు దాని వంక చూసైనా చూడరు. నేను చెప్పబోయే కథకి సంతకాలూ లెక్కలూ అక్కడివి, మట్టి మాత్రం మూడొందల కిలోమీటర్ల అవతల, గోదావరి ఒడ్డున సారపాకది.

ఖమ్మం వైపు నర్సరీకి వెళ్ళిన రైతు జామాయిల్ మొక్కలున్నాయా అని అడిగి ఊరుకోడు. మూడో నెంబరుందా, ఏడుందా, నాలుగొందల పదమూడుందా అంటాడు. వరికి పేరుంటుంది, మామిడికి పేరుంటుంది. చెట్టుకి నెంబరేమిటి?

భద్రాచలానికి వంతెన ఇవతల, బూర్గంపహాడ్ మండలంలో ఉంది సారపాక. అక్కడ ఐటీసీ వారి కాగితం మిల్లు 1979లో నడవడం మొదలైంది. అప్పటి మిల్లులన్నిటికీ తిండి అడవే. ప్రభుత్వం నామమాత్రపు ధరకి ఇచ్చే వెదురు, ఆ తర్వాత కలప. ఆ తిండి తరిగిపోతోందని మిల్లుల వాళ్ళకి అందరికన్నా ముందే తెలిసింది. 1980ల్లో రైతులకి గింజ నుంచి పెంచిన జామాయిల్ మొక్కలిచ్చి, పొలాల్లో వేయించి, కర్ర మేమే కొంటామన్నారు. ఆలోచన బాగుంది, తోటలే బాగాలేవు. ఒక చెట్టు స్తంభంలా లేస్తే పక్కది పొదలా పడి ఉండేది. జామాయిల్ పరపరాగ సంపర్కంతో కాయలు కాసే చెట్టు. తల్లి ఎంత మేలైనదైనా గింజలో తండ్రి ఎవరో తెలియదు. కౌలు, వడ్డీ, నాలుగైదేళ్ళ ఓపిక పెట్టి వేసిన రైతుకి టన్నులు లెక్కకి రాకపోతే మళ్ళీ ఎందుకు వేస్తాడు?

సరిగ్గా అప్పుడే, 1988లో, ఢిల్లీలో జాతీయ అటవీ విధానం వచ్చింది. అందులో పరిశ్రమల గురించి రాసిన భాగం చిన్నదే. అడవి మీద ఆధారపడిన ఫ్యాక్టరీ తనకి కావలసిన ముడిసరుకును తానే చూసుకోవాలి. పండించేవాళ్ళతో నేరుగా సంబంధం పెట్టుకుని అప్పూ సలహా ఇవ్వాలి, కోతకీ రవాణాకీ తోడుండాలి. తోటలు వేసుకోవడానికి సహజమైన అడవిని మాత్రం అడగకూడదు. నా లెక్కలో ఈ కథలో అసలు మలుపు ఇదే. ఆ తర్వాత వాతావరణ మార్పు మీద క్యోటోలో, మరాకెష్‌లో ఎంతమంది కూర్చుని ఎన్ని పేజీలు రాసినా, తెలుగు నేల మీద అంతకన్నా ఎక్కువ చెట్లు నాటించిన వాక్యం నాకు కనబడదు.

1989లో సారపాక పరిశోధన విభాగం పని మొదలుపెట్టింది. దాన్ని నడిపించినవాడు ప్యారేలాల్ అనే అటవీ శాస్త్రవేత్త. దారి కొత్తదేమీ కాదు. బ్రెజిల్‌లో అరాక్రూజ్ సంస్థ వాళ్ళు జామాయిల్‌ను కొమ్మల నుంచి వేల ఎకరాల్లో పెంచి చూపించి, 1984లో వాలెన్‌బర్గ్ బహుమతి అందుకున్నారు. అయితే బ్రెజిల్ చెట్టు ఖమ్మం ఎండకీ చల్కా నేలకీ ఆగుతుందన్న నమ్మకం లేదు. ఇక్కడి తోటల్లోనే మేలైన చెట్లను వెతకాలి. నిటారుగా, లావుగా, తెగులు లేకుండా, పక్కవాటిని మించి పెరిగిన చెట్టు కనబడితే దానికో నెంబరు వేశారు. నెంబర్ల కథ మొదలైంది అక్కడే.

ఇక్కడో చిక్కు ఉంది, నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైనదీ అదే. ముదురు చెట్టు కొమ్మ నాటితే వేరు వేయదు. చెట్టు గొప్పదని తెలిసేసరికి దాని వయసు అయిపోతుంది. మరి ఎలా? ఆ మంచి చెట్టునే మొదలుకంటా నరకాలి. కొన్ని వారాలకి మోడు నుంచి లేత పిలకలు తోసుకొస్తాయి. అవి పడుచువి, వేరు వేస్తాయి. అంటే ఎంచుకున్న చెట్టుకి దక్కిన మొదటి గౌరవం గొడ్డలి వేటు. ఆ పిలకల్ని ముక్కలుగా కోసి, ఆకులు సగానికి కత్తిరించి, అడుగు భాగాన్ని వేరు పుట్టించే హార్మోను పొడిలో అద్ది, చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో గుచ్చి, పొగమంచులా నీళ్ళు చిమ్మే గదిలో పెడతారు. నెల తిరిగేలోగా వేళ్ళు. తర్వాత నీడలో కొన్నాళ్ళు, ఎండలో కొన్నాళ్ళు ఉంచి పొలానికి పంపుతారు. ఒక నెంబరు మొక్కలన్నీ ఒకే చెట్టు, వేల పొలాల్లో నిలబడిన ఒకే ఒక్క చెట్టు.

1990ల మొదట్లో ఈ మొక్కలు రైతులకి అందాయి. గింజ తోట హెక్టారుకి ఏడాదికి 10 ఘనపు మీటర్ల లోపు కర్రనిచ్చేచోట మంచి నెంబరు తోట 20 దాటింది. నాలుగేళ్ళకి కొట్టినా మోడు మళ్ళీ చిగురిస్తుంది, ఇంకో రెండు కోతలు వస్తాయి. ఆ తర్వాత ఎవరూ ప్రచారం చేయనక్కర్లేకపోయింది.

రబ్బరు వాళ్ళు ఈ బాటలో ఎప్పుడో నడిచారు. 1876లో హెన్రీ విక్‌హామ్ అమెజాన్ నుంచి 70,000 రబ్బరు గింజలు లండన్ క్యూ తోటకి చేర్చాడు. వెనక ఉండి ఆ పని చేయించిన క్లెమెంట్స్ మార్కమ్మే అంతకుముందు సింకోనా మొక్కల్ని, అంటే మలేరియా మందుని, దక్షిణ భారతానికి తెప్పించినవాడు. రాస్ దోమకీ రబ్బరు చెట్టుకీ ఇలా ఒక దూరపు చుట్టరికం. రబ్బరులోనూ గింజ మొక్కల గోల ఇదే: ఒకటి పాలు ధారగా ఇస్తే ఇంకొకటి చుక్కలు రాలుస్తుంది. అయితే రబ్బరు కొమ్మ నాటితే తల్లివేరు రాదు, గాలికి చెట్టు ఒరిగిపోతుంది. అందుకని జావాలో డచ్చివాళ్ళు 1910ల్లో గింజ మొక్క మీద మంచి చెట్టు మొగ్గను అంటుకట్టే పద్ధతిని ఆనవాయితీ చేశారు. వేరొకరిది, ఒళ్ళొకరిది. కొట్టాయంలోని భారత రబ్బరు పరిశోధన సంస్థ 1980లో రైతులకిచ్చిన ఆర్‌ఆర్‌ఐఐ 105 కేరళలో ఇంటి మనిషి పేరంత మామూలైంది. అక్కడా నెంబరే.

ఇప్పుడు కర్బనం సంగతి. 1997లో క్యోటో ఒప్పందం కుదిరింది, 2005లో అమల్లోకొచ్చింది. ధనిక దేశాలు తమ పొగ లెక్కలో కొంత భాగాన్ని పేద దేశాల్లో చెట్లు నాటించి సర్దుకోవచ్చన్నది అందులో ఒక వెసులుబాటు. షరతులు గట్టివి. 1989 డిసెంబరు 31 నాటికి ఆ నేల మీద అడవి ఉండి ఉండకూడదు. ఈ డబ్బు లేకపోతే చెట్లు లేచేవే కావని నిరూపించాలి. ప్రపంచంలో ఇలాంటి మొదటి ప్రాజెక్టు 2006లో చైనాలోని గ్వాంగ్సీలో నమోదైంది. 2009 జూన్‌లో ఖమ్మం జిల్లాది నమోదైంది. బాగా సారం కోల్పోయిన, ఇతర పంటలకి కొరగాని సుమారు 3,070 హెక్టార్ల రైతుల భూముల్లో జామాయిల్ క్లోన్లు, అంటే నెంబరు మొక్కలు. ఏటా 57 వేల టన్నులకి పైగా కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయని అంచనా. గోదావరి ఒడ్డు గిరిజన రైతు పొలం బాన్‌లోని ఐక్యరాజ్యసమితి చిట్టాలోకి ఎక్కింది.

చిట్టాలో ఎక్కిందే గాని, సంతలో ధర లేదు. చెట్టు కాలిపోవచ్చు, కొట్టేయొచ్చు, అందులోని కర్బనం మళ్ళీ గాలిలో కలవొచ్చు. ఆ భయంతో 2003లో మిలాన్ వాతావరణ సమావేశం అడవి క్రెడిట్లకి, అంటే చెట్లు పీల్చిన టన్నులకిచ్చే పత్రాలకి, గడువు పెట్టింది. గడువు తీరగానే కొన్నవాడు వేరేది కొని ఆ చోటు నింపాలి. అద్దె ఇంటిని సొంతింటి ధరకి ఎవరు కొంటారు? పెద్ద బేరగాడైన యూరప్ తన కర్బన విపణిలోకి వీటిని రానివ్వనేలేదు. మిల్లుకి కర్ర ఎలాగూ కావాలి కదా, ఇందులో ‘అదనం’ ఏముందని అడిగేవాళ్ళకీ కొదవ లేదు. ఆ ప్రశ్న అన్యాయమైనదని నేననను. రైతు మాత్రం వేబ్రిడ్జి చీటీ మీది టన్నుల్ని చూసే నాటాడు.

ఇంతకీ ఈ తోట అడవా? అడిగే ఆఫీసును బట్టి జవాబు మారుతుంది. అటవీ సంరక్షణ చట్టానికి 1988లో చేసిన సవరణ, అడవి నేల చదును చేసి టీ, కాఫీ, రబ్బరు, తాటిజాతి చెట్లు వేయడం అటవీయేతర పని అని పేరుపెట్టి చెప్పింది. అంటే చట్టం కళ్ళకి రబ్బరు తోట అడవి కాదు. భారత అటవీ సర్వే వాళ్ళ ఉపగ్రహం కళ్ళకి మాత్రం ఒక హెక్టారు మించి, పది శాతం పైన నీడపట్టు ఉంటే చాలు, అది ఎవరి భూమైనా, ఏ చెట్టైనా అటవీ విస్తీర్ణంలో జమ. జామాయిల్ తోట ఒక ఏడు అందులో పడి, కోత కోశాక లేచిపోతుంది. 2030 నాటికి చెట్ల ద్వారా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను అదనంగా ఇముడ్చుకుంటామని 2015లో మన దేశం మాటిచ్చింది. ఆ మాటలో అడవితో పాటు ‘చెట్ల విస్తీర్ణం’ కూడా ఉంది. ఆ రెండో మాటే లేకపోతే లెక్క తేలడం కష్టం.

2023లో యూరప్ తెచ్చిన అడవుల నరికివేత నిబంధన ఈ రెండు చెట్లనీ ఒకే వరసలో కూర్చోబెట్టింది. గొడ్డుమాంసం, కోకో, కాఫీ, పామాయిల్, సోయాలతో పాటు రబ్బరూ కలపా అందులో ఉన్నాయి. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన సరుకు కాదని, పొలం హద్దుల అక్షాంశ రేఖాంశాలతో సహా చూపించాలి. అమలు తేదీని ఒకసారి, మళ్ళీ ఒకసారి వాయిదా వేశారు. నిజానికి సారపాకలాంటి చోట ఇది చూపించడం తేలిక. పోడు భూమికి కాగితం లేని చోటే తంటా, ఆ తంటా యూరప్‌ది కాదు, మనదే.

ఒకే చెట్టు వేల పొలాల్లో నిలబడితే ఒకే రోగం అన్నిటినీ పట్టుకుంటుంది. బ్రెజిల్‌లో ఫోర్డ్ కట్టించిన రబ్బరు పట్నం ఫోర్డ్‌లాండియాను ఆకుతెగులు పడగొట్టింది. 2000ల్లో దక్షిణ భారతంలో జామాయిల్‌కి లెప్టోసైబీ అనే బుల్లి కందిరీగ సోకింది. లేత ఆకు ఈనెల మీద, తొడిమల మీద బొడిపెలు లేచి చిగురు ముడుచుకుపోయింది. కొన్ని నెంబర్లు తట్టుకున్నాయి, కొన్ని కుదేలయ్యాయి. నీళ్ళ తగాదా వేరే ఉంది. 2017లో పొరుగున కర్ణాటక కొత్త జామాయిల్ తోటలకే అడ్డుకట్ట వేసింది. మన దగ్గర కొందరు సుబాబుల్‌కి, సరుగుడుకి మళ్ళారు. కొత్త చెట్లను వెతకడం, నరకడం, పిలకలు గుచ్చడం, కొత్త నెంబర్లు వేయడం సాగుతూనే ఉంది. నర్సరీకొచ్చిన రైతు ఇప్పుడు నెంబరుతో పాటు ఇంకోటి అడుగుతున్నాడు: దీనికి బొడిపె వస్తుందా, రాదా?