డిష్‌వాషర్‌లో పెట్టే ముందు గిన్నెలు కడగాలా?

ఎంగిలి కంచాన్ని ఉన్నది ఉన్నట్టు మెషీన్‌లో పెట్టడానికి మన ఇళ్లలో చాలామందికి మనసొప్పదు. కుళాయి కింద ఒకసారి కడిగాకే లోపల సర్దుతారు. నిజానికి ఆ అవసరం లేదు.

కుళాయి ధారగా వదిలితే నిమిషానికి సుమారు 6 నుంచి 10 లీటర్ల నీళ్లు పోతాయి. ఇప్పటి డిష్‌వాషర్లు చాలావరకు ఒక విడత మొత్తానికి వాడేది 10 లీటర్ల చుట్టుపక్కలే. ముందు రెండు నిమిషాలు కడిగితే మెషీన్ చేసే ఆదా అక్కడే పోతుంది. 2019లో చెన్నైలో, 2024లో బెంగళూరులో నీళ్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన ఇళ్లకు ఈ లెక్క చిన్నది కాదు.

డిటర్జెంట్‌లోని ఎంజైములు అన్నం గంజిని, పప్పు మరకల్ని విడగొడతాయి. కొన్ని మోడళ్లలో సెన్సర్ నీటి మురికిని బట్టి ఎంతసేపు కడగాలో నిర్ణయిస్తుంది. ముందే కడిగేస్తే మెషీన్ త్వరగా ముగించి, జిడ్డు మిగల్చవచ్చు.

పాటించవలసినవి:

- మెతుకులు, కరివేపాకు, ఎముకలు చెత్తబుట్టలో వేయాలి.
- మాడిన గిన్నెలను, పిండి ఎండిన పాత్రలను కొద్ది నీళ్లతో నానబెట్టాలి.
- మర్నాటి దాకా మెషీన్ వేయకపోతే 'రిన్స్' ప్రోగ్రామ్ చాలు.
- అడుగున ఉండే ఫిల్టర్‌ను వారానికోసారి శుభ్రం చేయాలి.
- బోరు నీళ్లయితే డిష్‌వాషర్ ఉప్పు తప్పనిసరి. గ్లాసులపై తెల్లటి పొర సాధారణంగా నీటిలోని సున్నం వల్లే వస్తుంది.
- ఇనుప పెనం, ఇత్తడి, అల్యూమినియం, చెక్క గరిటెలు చేత్తోనే తోమాలి.