తులం తూగిన గుండు

మా తాత ఆకువక్క డబ్బాలో ఒక తుపాకీ గుండు ఉండేది. పేలని తూటా కాదు, పేలి అడవిపంది ఒంట్లోంచి బయటికి తీసిన గుండు. అచ్చం పుట్టగొడుగులా ఉండేది. అడుగు భాగం చెక్కుచెదరలేదు. మూతి దగ్గర తొడుగు నాలుగు రేకులుగా చీలి వెనక్కి ముడుచుకుంది, మధ్యలో బూడిదరంగు సీసం చదునుగా పరుచుకుంది. ఆదిలాబాద్ అడవి అంచున మా జొన్నచేలో దిగిన పంది అది. నేనప్పటికి పుట్టలేదు. తాత ఆ గుండును కడిగి, కంసాలి దగ్గరికి పట్టుకుపోయి తూయించాడట. కొత్తగా ఉన్నప్పుడు తులం పావుకి కాస్త ఎక్కువ ఉండేది, ఇప్పుడు తులం తూగింది.

"లోపల విచ్చుకోవాలె బిడ్డా, తునకలు కావద్దు" అనేవాడు.

ఈ విచ్చుకోవడం గురించి దేశాలు కూర్చుని వాదించుకున్నాయని నాకు చదువుకున్నాక తెలిసింది. నల్ల తుపాకీమందు కాలంలో ఈ చిక్కు లేదు. లావుపాటి సీసం గుండు తగలగానే దానంతటదే చదునయ్యేది. 1888లో బ్రిటిష్ సైన్యం లీ మెట్‌ఫర్డ్ రైఫిల్ తెచ్చింది, మనం త్రీ నాట్ త్రీ అంటామే, ఆ కొలత. గుండు సన్నబడింది, వేగం పెరిగింది. ఆ వేగానికి వట్టి సీసం నాళం లోపలి గాళ్లకు అంటుకుపోతుంది కాబట్టి గట్టి లోహపు తొడుగు వేశారు. దాంతో గుండు సూదిలా దూరి అవతలికి పోవడం మొదలైంది. 1895లో వాయవ్య సరిహద్దులోని చిత్రాల్ దండయాత్రకు వెళ్లిన సైన్యం, దెబ్బ తగిలినా ఎదుటివాడు ఆగడం లేదని మొత్తుకుంది. ఇవాళ విమానాశ్రయంతో అందరికీ తెలిసిన కలకత్తా శివారు దమ్‌దమ్‌లో అప్పుడు ఆయుధ కర్మాగారం ఉండేది. అక్కడి అధికారి కెప్టెన్ నెవిల్ బెర్టీ క్లే తొడుగు కొసను కొద్దిగా తీసేసి సీసం బయటపెట్టాడు. ఇక గుండు తగిలిన చోట పువ్వులా విచ్చింది. ఆ గాయాలు చూసి లోకం ఉలిక్కిపడింది. 1899లో హేగ్ సమావేశం అలాంటి గుండ్లను యుద్ధంలో వాడొద్దంది. బ్రిటన్ మాత్రం 1907 దాకా ఒప్పుకోలేదు.

మనుషుల మీద వద్దన్న గుండు వేటలో నిలిచిపోయింది. అది న్యాయమేనని నేను గట్టిగా నమ్ముతాను. గాయపడిన సిపాయిని మోసుకుపోయి కట్టు కట్టేవాళ్లుంటారు. గాయపడిన దుప్పికి ఎవరుంటారు?

అయితే మెత్తనిదైతే చాలు అనుకోవడానికీ లేదు. మూతిలో బోలు పెట్టిన తేలిక గుండ్లు పెద్ద జంతువుల మీద పైపైనే చితికిపోతున్నాయని శామ్యూల్ బేకర్ 1890లోనే పుస్తకంలో రాశాడు. మన మధ్యప్రాంతాల అడవుల్లో వేటాడినవాడాయన. పులికైనా బోలు లేని మెత్తని సీసం గుండునే నమ్మాడు. డెబ్బై ఎనభై కిలోల దుప్పికి గుండు త్వరగా విచ్చుకోవాలి. ముసలి మగపంది భుజం మీదైతే అట్టకట్టిన దళసరి తోలుంటుంది, అది దాటి లోపలికి పోయాకే విచ్చుకోవాలి. రెండు పనులూ ఒకే గుండు చెయ్యాలంటే బరువు కావాలి.

తాత తుపాకీ త్రీ వన్ ఫైవ్. సైన్యం తూటాలు జనం చేతిలో పడకూడదని సర్కారు త్రీ నాట్ త్రీని మామూలు లైసెన్సుదారులకు దక్కనివ్వలేదు, అందుకే ఈ దేశంలో త్రీ వన్ ఫైవ్ అంతగా పాకింది. ఇచ్ఛాపూర్‌లో తయారైన రైఫిల్, మూతిన సీసం బయటికున్న 244 గ్రెయిన్ల సాఫ్ట్ నోస్ గుండు. అంటే 15.8 గ్రాములు. పాత తులం లెక్కలో తులం పావు పైచిలుకే.

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక తాత తుపాకీ పట్టుకుని అడవిలో అడుగుపెట్టలేదు. 1991 సవరణతో లైసెన్సు వేట అన్నదే లేకుండా పోయింది. దానికి నాకు చింత లేదు, తాతకూ ఉండేది కాదు. ఆయన్ని బాధపెట్టింది ఒక దుప్పి.

ఓసారి టౌన్ దుకాణంలో సాఫ్ట్ నోస్ లేదంటే, పూర్తి తొడుగున్న సాలిడ్ తూటాలు తెచ్చుకున్నాడు. వాగు దగ్గర మగదుప్పిని భుజం వెనక సరైన చోటే కొట్టాడు. అది ఒక్కసారి ఎగిరి, ఏమీ కానట్టే చెట్ల మధ్యకు పోయింది. కొట్టినచోట నాలుగు వెంట్రుకలు, ఎండుటాకు మీద గోరంత నెత్తురు. చీకటి పడేదాకా వెతికాడు. మర్నాడు మైలు అవతల దొరికింది, అప్పటికే రేచుకుక్కలు తిన్నంత తిని పోయాయి. ఒక పక్క పెన్సిలు పట్టేంత రంధ్రం, రెండో పక్క కూడా అంతే. మిగిలిన తూటాలు పట్టుకుపోయి దుకాణంలోనే ఇచ్చేసి వచ్చాడు.

ఆ గుండు కోసం తాత మళ్లీ వాగు దగ్గరికి పోయి చెట్ల బెరళ్లన్నీ తడిమి చూశాడట. దొరకలేదు. డబ్బాలో ఉన్నది పంది గుండు ఒక్కటే.