ఫెర్మీలాబ్: పాత యంత్రాల మీద కొత్త భౌతికశాస్త్రం

చికాగో చుట్టుపక్కల ఉంటూ అరోరా బాలాజీ గుడి చూడని తెలుగువాళ్లు అరుదు. ఆ గుడికి కారులో పదిహేను, ఇరవై నిమిషాల దూరంలో, బటేవియా ఊరి అంచున, గడ్డినేల మధ్య పదహారంతస్తుల భవనం ఒకటి ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆ ఆవరణలోనే బైసన్ దున్నల మంద మేస్తుంటుంది. అదే ఫెర్మీలాబ్. అమెరికాలో కణభౌతికశాస్త్రానికి పెద్దదిక్కు. దాని గురించి రాసేవాళ్లు సాధారణంగా అక్కడ దొరికిన కణాల జాబితా ఇచ్చి ముగిస్తారు. నాకు మాత్రం అక్కడి పొదుపు మీద ఆసక్తి. ఆ ఆవరణలో ఏ యంత్రమూ ఊరికే పోదు. సొరంగమో, అయస్కాంతమో తరవాతి యంత్రానికి అప్పగించి మరీ పోతుంది.

1966 డిసెంబర్‌లో అణుశక్తి సంఘం వెస్టన్ అనే చిన్న ఊరిని ఎంపిక చేసింది. ప్రయోగశాల వస్తే ఊరు బాగుపడుతుందని అక్కడివాళ్లు ఆశపడ్డారు. తీరా ఊరే లేకుండా పోయింది. చుట్టూ ఉన్న పొలాలతో కలిపి 6,800 ఎకరాలు ప్రభుత్వపరమయ్యాయి. వెస్టన్ ఇళ్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, పరిశోధన కోసం వచ్చిపోయేవాళ్ల బసలుగా.

1967లో తొలి డైరెక్టరుగా వచ్చిన రాబర్ట్ విల్సన్ ఒకప్పుడు లాస్ అలమోస్‌లో అణుబాంబు పనిలో ఉన్నవాడు, శిల్పి కూడా. బైసన్లను తెప్పించింది ఆయనే. 1969లో కాంగ్రెస్ కమిటీ ముందు సెనేటర్ పాస్టోర్, ఈ యంత్రం దేశ రక్షణకు ఏమైనా పనికొస్తుందా అని గుచ్చిగుచ్చి అడిగాడు. నేరుగా దేనికీ పనికిరాదనీ, కాపాడుకోదగ్గ దేశంగా నిలబెట్టడానికి మాత్రం పనికొస్తుందనీ విల్సన్ జవాబు. నిధుల కోసం వెళ్లినవాడు ఇంత తెగువగా మాట్లాడటం నేటి రోజుల్లో ఊహించలేం.

నిధులు వచ్చాయి గానీ ధారాళంగా రాలేదు. విల్సన్‌కి అదే నచ్చింది. 25 కోట్ల డాలర్ల అంచనాలోనే, అనుకున్నదానికన్నా ఎక్కువ శక్తిగల యంత్రాన్ని కట్టి చూపిస్తానన్నాడు. అయితే పిండి కొద్దీ రొట్టె. 1971 వేసవిలో తడిగాలికి సొరంగంలో నీరు చేరి, అయస్కాంతాల ఇన్సులేషన్ దెబ్బతింది. వెయ్యికి పైగా ఉన్న అయస్కాంతాల్లో దాదాపు మూడోవంతు మార్చాల్సి వచ్చింది. అదే ఏడాది, గొట్టాల్లో మిగిలిపోయిన లోహపు రజను తుడవడానికి ఫెలీషియా అనే ఫెరెట్‌ను కొనుక్కొచ్చారు. ముంగిసలా సన్నగా, పొడవుగా ఉండే ప్రాణి. మెడకు దారం కట్టి వదిలితే మూడువందల అడుగుల గొట్టంలో దూరి అవతలి చివర తేలేది. ఆ దారానికి గుడ్డ కట్టి లాగితే గొట్టం శుభ్రం. ఆరు కిలోమీటర్లకు పైగా చుట్టుకొలత ఉన్న ప్రధాన వలయంలోకి మాత్రం అది దూరనని మొరాయించింది. ఆ పనికి చివరికి రజనును అయస్కాంతంతో పట్టే పరికరమొకటి చేసుకోవాల్సి వచ్చింది.

1972 మార్చిలో యంత్రం 200 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు అందుకుంది. 1974లో ప్రయోగశాలకు ఎన్రికో ఫెర్మీ పేరు పెట్టారు. పొదుపు దెబ్బ తగిలిందీ అప్పుడే. ఆ ఏడాది నవంబర్‌లో చార్మ్ క్వార్కు జాడ బ్రూక్‌హేవెన్‌లోనూ, స్టాన్‌ఫర్డ్‌లోనూ దొరికింది, అన్నిటికన్నా పెద్ద యంత్రం ఉన్న చోట కాదు. ప్రయోగాల హాళ్లను విల్సన్ మరీ బీదగా కట్టించాడన్న ఫిర్యాదుకు ఇక్కడ బలముంది. 1976లో ఫెర్మీలాబ్‌లోని లియోన్ లెడర్‌మన్ బృందం 6 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కొత్త కణం ఉందని ప్రకటించింది. లెక్కలు పెరిగేకొద్దీ ఆ కణం మాయమైంది. ఆ కణానికి పెట్టిన ‘అప్సిలాన్’ పేరును తోటివాళ్లు ‘ఊప్స్-లియోన్’ అని మార్చి ఆటపట్టించారు. మరుసటి ఏడాదే అదే బృందం 9.5 దగ్గర అసలైన అప్సిలాన్‌ను పట్టుకుంది. బాటమ్ క్వార్కు అలా బయటపడింది.

నిధులు చాలవని విల్సన్ 1978లో రాజీనామా చేశాడు. ఆయన తరవాత డైరెక్టరైన లెడర్‌మన్ పాత సొరంగంలోనే, పాత అయస్కాంతాల కిందనే, అతివాహక అయస్కాంతాల వలయాన్ని పూర్తిచేశాడు. ద్రవ హీలియంతో మైనస్ 268 డిగ్రీలకు చల్లబరిచే ఆ వలయమే టెవట్రాన్. 1983లో మొదలైంది. పైనున్న పాత వలయం దానికి కణాలు అందించే సహాయకుడిగా మారింది. 1995 మార్చిలో సీడీఎఫ్, డీ-జీరో బృందాలు టాప్ క్వార్కును కనుగొన్నట్లు ప్రకటించాయి. దాని బరువు దాదాపు ఒక బంగారు పరమాణువంత. టెక్సస్‌లో 87 కిలోమీటర్ల వలయంతో తలపెట్టిన మహాయంత్రాన్ని, రెండువందల కోట్ల డాలర్లు తగలేశాక, కాంగ్రెస్ 1993లో ఆపేసింది. అందుకే పాత సొరంగంలోని టెవట్రానే మరో పదిహేనేళ్లకు పైగా ప్రపంచంలో అత్యధిక శక్తిగల యంత్రంగా నిలిచింది. ఆ పీఠాన్ని జెనీవా యంత్రం తీసుకున్నాక, 2011 సెప్టెంబర్ 30న టెవట్రాన్‌ను ఆపేశారు.

చాలామంది ఫెర్మీలాబ్ కథ అక్కడితో అయిపోయిందనుకున్నారు. కానీ అప్పటికే దారి మళ్లింది. టౌ న్యూట్రినోను మొదట చూసింది ఇక్కడే, 2000లో. శక్తిలో పోటీ పడలేకపోతే కణాల సంఖ్యలో పోటీ పడవచ్చు. న్యూట్రినోలు, మ్యువాన్లు కోరేది అదే. టెవట్రాన్ కోసం యాంటీప్రోటాన్లు సిద్ధం చేసిన వలయాల్లో ఒకదానిలో తరవాత మ్యువాన్లు తిరిగాయి. మ్యువాన్ల అయస్కాంతత్వాన్ని కొలిచే జీ-మైనస్-టూ ప్రయోగానికి కావలసిన పదిహేను మీటర్ల అయస్కాంత వలయం కూడా సెకండ్‌హ్యాండే. బ్రూక్‌హేవెన్‌లో ఖాళీగా ఉంటే 2013లో బార్జి మీద సముద్రంలో ఫ్లోరిడా చుట్టూ తిప్పి, నదుల్లో ఎదురీదించి తెచ్చారు. తుది ఫలితం 2025 జూన్‌లో వచ్చింది. వందకోట్లలో 127 వంతుల ఖచ్చితత్వం. కొలత అద్భుతం. కానీ ఈలోగా సిద్ధాంత లెక్కలే సవరించుకోవడంతో, కొత్త భౌతికశాస్త్రం దొరికిందన్న సంబరం చల్లారింది.

న్యూట్రినోల కథలో మనవాళ్లూ ఉన్నారు. 810 కిలోమీటర్ల దూరంలో మినసోటాలోని యాష్ రివర్ దాకా కణాలు పంపే నోవా ప్రయోగంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ భాగస్వాములు. ఈ రంగం మన ప్రాంతానికి కొత్తదీ కాదు. తెలుగు కూడా వినిపించే కోలార్ బంగారు గనుల్లో, 1965లో టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఒసాకా, డర్హమ్ శాస్త్రవేత్తలు వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. ఫెర్మీలాబ్ తరవాతి గమ్యమూ ఒక పాత బంగారు గనే. సౌత్ డకోటాలోని హోమ్‌స్టేక్. అక్కడ కిలోమీటరున్నర లోతున డ్యూన్ ప్రయోగానికి గుహల తవ్వకం 2024లో పూర్తయింది. వేల టన్నుల ద్రవ ఆర్గాన్ తొట్లు వాటిలో కూర్చుంటాయి. మధ్యలో 1,300 కిలోమీటర్లు సొరంగమేమీ ఉండదు. న్యూట్రినోలు రాయిని లెక్కచేయవు గనక భూమిలోంచి తిన్నగా వెళ్లి, సెకనులో రెండువందో వంతు లోపే చేరతాయి.

ఆ న్యూట్రినోల కోసం కడుతున్న పిప్-2 అనే కొత్త త్వరణయంత్రంలో భారత అణుశక్తి విభాగం సంస్థలు పాలుపంచుకుంటున్నాయి. ముంబయి, ఇండోర్, కోల్‌కతా ప్రయోగశాలల్లో అతివాహక పరికరాల పని సాగుతోంది. న్యూట్రినో పరిశోధనలో సహకారంపై 2018లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం రాసుకున్నాయి. అయితే అంత కొత్త యంత్రం నుంచి బయటికొచ్చిన ప్రోటాన్లు నేరుగా డకోటా వైపు పోవు. ముందు విల్సన్ కట్టించిన బూస్టర్ వలయంలో తిరగాలి. అది 1970ల నాటిది. ఇప్పటికీ పనిచేస్తోంది.