డ్వాక్రా సంఘ నాయకత్వం

డ్వాక్రా సంఘ నాయకత్వం అనగా గ్రామీణ మహిళా పొదుపు సంఘాలలో సభ్యురాళ్ళు తమలో నుండి ఎన్నుకున్న స్త్రీలు సంఘపు డబ్బును, సమావేశాలను, బ్యాంకు వ్యవహారాలను నడిపించే పద్ధతి. 1982లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన డ్వాక్రా పథకం 1999 ఏప్రిల్‌లో స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసిపోయింది. పథకం పోయినా పేరు పోలేదు. ఆంధ్ర ప్రదేశ్ పల్లెలలో నేటికీ స్వయం సహాయక సంఘాన్ని డ్వాక్రా గ్రూపు అనే అంటారు. ఈ వ్యాసం కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాన్ని, అనగా వాడుకలో పశ్చిమ ప్రకాశం అని పిలిచే మెట్ట ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని వ్రాయబడినది.

నేపథ్యం

ఈ ప్రాంతం 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే వరకు కర్నూలు జిల్లాలో ఉండేది. కంభం చెరువును శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు అయిన వరదరాజమ్మ కట్టించినదని ప్రతీతి. చెరువు కింద పొలం ఉన్నవారిని మినహాయిస్తే మిగిలినవారిలో అధికులకు వర్షాధార సేద్యమే ఆధారం. మార్కాపురం పలకల పరిశ్రమలో స్త్రీలు చాలాకాలంగా పనిచేస్తున్నారు, కానీ కూలీలుగానే. అక్కడ మాట పైనుండి కిందికి వస్తుంది: యజమాని మేస్త్రీకి చెప్పును, మేస్త్రీ కూలీకి చెప్పును. సంఘంలో పరిస్థితి వేరు. అక్కడ ప్రతి స్త్రీ అప్పు ఇచ్చేది, పుచ్చుకునేది కూడా. చెప్పేవారూ వినేవారూ ఒకే వీధివారు.

పొరుగున ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఈ సంఘాల వ్యాప్తికి బలమైన ప్రేరణ. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చిన తరువాత అదే జిల్లాలో రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేసే పొదుపు లక్ష్మి కార్యక్రమం ప్రచారంలోకి వచ్చింది. 1992లోనే నాబార్డు సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగం ప్రారంభించింది. 2000లో ఆరు జిల్లాలలో మొదలైన వెలుగు పథకం తరువాత మిగతా జిల్లాలకు విస్తరించినపుడు ఈ ప్రాంతానికీ వచ్చింది. ప్రభుత్వాలతో పాటు పథకం పేరు పలుమార్లు మారింది, అయినా మండల కేంద్రంలోని కార్యాలయాన్ని జనం "వెలుగు ఆఫీసు" అనే పిలుస్తుంటారు.

నాయకురాలి పని

సంఘంలో సాధారణంగా పది నుండి పదిహేను మంది ఉంటారు. వారు ఇద్దరిని ఎన్నుకుంటారు. వీరిని మొదటి లీడరు, రెండవ లీడరు అంటారు. బ్యాంకు ఖాతా వీరిద్దరి సంతకాలతో నడుస్తుంది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే అయిదింటిని పంచసూత్రాలు అంటారు. బ్యాంకు కొత్త అప్పు ఇచ్చే ముందు చూసేది వీటినే.

కాగితం మీద పని ఇంతే. వాస్తవంలో నాయకురాలి పని మాటతో ముడిపడి ఉంటుంది. సభ్యురాళ్ళు ఆమెకు వదిన, అత్త, పిన్నమ్మ, తోడికోడలు వరుస అవుతారు. వయసులో పెద్దదైన అత్తను "ఈ నెల కంతు ఏది?" అని కోడలు అడగవలసి వస్తుంది. వరుసలను పక్కన పెట్టి అడిగితే మర్యాద లేదంటారు, అడగకుంటే వాయిదా తప్పుతుంది. అందువలన అనుభవం గల నాయకురాలు ఇంటికి పోయి అడగదు. అందరూ కూర్చున్న సమావేశంలో పుస్తకం తెరిచి పేర్లు వరుసగా చదివిస్తుంది. అప్పుడు అడిగేది పుస్తకం, మనిషి కాదు. తీర్మానాన్ని పైకి చదివి వినిపించిన తరువాతనే సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలనే నియమం కూడా ఇందుకే ముఖ్యమైనది. ఇది పాటించని సంఘాలలో చదువురాని సభ్యురాళ్ళకు తమ పేరున ఎంత అప్పు ఉన్నదో తెలియదు. సంఘాలలో వచ్చే మోసాలకు ఎక్కువగా మూలం ఇదే.

ఉమ్మడి బాధ్యత

బ్యాంకు ఋణానికి ఆస్తి హామీ ఉండదు, సంఘమే హామీ. ఉదాహరణకు పదిమంది సంఘం అయిదు లక్షలు తీసుకొని తలా యాభైవేలు పంచుకున్నదనుకుందాం. ఇద్దరు చెల్లించకపోతే మిగిలిన ఎనిమిది మంది ఆ కంతు వేసుకోవాలి, లేనిచో సంఘం మొత్తం మొండి బాకీదారు అవుతుంది. మెట్ట ప్రాంతంలో ఈ చిక్కు తరచు వస్తుంది. వాన పడని ఏడు కుటుంబాలు కూలికి వలస పోతాయి. ఇంటికి తాళం ఉంటే సమావేశానికి ఎవరు వస్తారు? వలస పోయిన సభ్యురాలి కంతును బంధువు ద్వారా తెప్పించడం, పాడిగేదె చనిపోయిన ఇంటికి గడువు ఇప్పించడం, ఎగవేతను కష్టం నుండి వేరుచేసి చూడటం నాయకురాలి వివేకానికి సంబంధించినవి. బ్యాంకు అధికారికి ఈ తేడా కనిపించదు. ఈ జిల్లాలో 2006 వరకు పినాకిని, తరువాత ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులు పనిచేశాయి. 2025 మేలో రెండవది ఆంధ్ర ప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో విలీనమైంది. బ్యాంకు పేరు మారినపుడల్లా, మేనేజరు బదిలీ అయినపుడల్లా పాత నమ్మకాన్ని మళ్ళీ మొదటినుండి కట్టుకోవలసి రావడం కద్దు.

సూక్ష్మ ఋణ సంస్థలు ఇదే ఉమ్మడి బాధ్యతను లాభానికి వాడుకున్నాయి. వారం వారం వసూళ్ళు, ఒకరి బాకీకి ఇరుగుపొరుగుచే ఒత్తిడి చేయించడం, ఆత్మహత్యల వార్తలు రాష్ట్రమంతా కలకలం రేపగా 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో సంఘాల సమాఖ్యల భాగస్వామ్యంతో స్త్రీనిధి ఏర్పడింది.

సమాఖ్యలు

గ్రామంలోని సంఘాలు కలిసి గ్రామ సమాఖ్య, వాటిపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య ఏర్పడతాయి. వీటిలో చాలావరకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైనవి. ఇక్కడ కులము, వీధి ఒకటి కాని స్త్రీలు ఒకే చాప మీద కూర్చుంటారు. సంఘంలో చెల్లిన వరుస పిలుపులు ఇక్కడ చాలవు. లెక్క, తీర్మానం, ఓటు కావాలి. మొదటిసారి "సారు" ఎదుట నిలబడి మాట్లాడటం నేర్చుకునేది కూడా ఇక్కడే. అయితే ఎన్నికైన అధ్యక్షురాలి కంటే జీతం తీసుకొనే సిబ్బంది మాటే నెగ్గడం, అదే వ్యక్తి ఏళ్ళ తరబడి పదవిలో ఉండటం ఈ వ్యవస్థపై ఉన్న సమంజసమైన విమర్శలు. నాయకత్వం మారాలనే నియమం ఉన్నా, బ్యాంకులో సంతకాలు మార్పించే శ్రమకు జంకి చాలా సంఘాలు పాతవారినే కొనసాగిస్తాయి.

రాజకీయాల ప్రభావం

2004లో పావలా వడ్డీ, 2012లో వడ్డీలేని ఋణం సకాలంలో చెల్లించినవారికి ప్రతిఫలంగా వచ్చాయి కనుక నాయకురాలి చేతిని బలపరచాయి. 2014 ఎన్నికల ఋణమాఫీ హామీ ఇందుకు విరుద్ధంగా పనిచేసింది. మాఫీ అవుతుందని చెల్లింపులు ఆపినవారికి వడ్డీ పెరిగింది, చెల్లించమన్న లీడరు చెడ్డదైంది. 2019 ఏప్రిల్ 11 నాటికి ఉన్న బాకీని నాలుగు విడతలుగా తిరిగి ఇచ్చే వై.ఎస్.ఆర్. ఆసరా 2020లో మొదలై 2024 వరకు సాగింది. సభలకు జనాన్ని తరలించే బాధ్యత కూడా ఈ కాలమంతటా, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, లీడర్ల మీదనే పడింది. స్థానిక సంస్థలలో స్త్రీలకు సగం స్థానాలు కేటాయించిన తరువాత కొందరు లీడర్లు వార్డు సభ్యులుగా, సర్పంచులుగా పోటీచేశారు. గెలిచినవారు సంఘం పుస్తకాన్ని మరొకరికి అప్పగించవలసి వచ్చినపుడే, రెండవ లీడరుకు ముందునుండి లెక్కలు నేర్పారా లేదా అన్నది బయటపడుతుంది.